పెళ్లికీ ఆపరేషన్‌కీ నడుమ

మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం వైపు ఏ ఊళ్లోనైనా ముప్పై దాటిన ఇల్లాలి దగ్గర కుటుంబ నియంత్రణ సంగతి కదిపితే ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: "ఆపరేషన్ అయిపోయిందండీ." ఎప్పుడయిందని అడిగితే, "రెండో కాన్పుతోనే" అంటారు. వయసు లెక్కేస్తే అప్పటికి ఇరవై రెండో, ఇరవై మూడో. నందిగామ వైపు వెళ్లినా, జగ్గయ్యపేట వైపు వెళ్లినా ఇదే వరస. పెళ్లి, ఏడాది తిరిగేసరికి మొదటి కాన్పు, ఆ బిడ్డకు నడక వచ్చీరాకముందే మళ్లీ నెల తప్పడం, రెండో కాన్పు, వెంటనే ఆపరేషన్. పాతికేళ్లకల్లా పిల్లల సంగతి ముగిసిపోతుంది. ఇక చాలనుకున్నప్పుడు ఏం చేయాలో ఈ మెట్ట ప్రాంతంలో అందరికీ తెలుసు. ఇప్పుడే వద్దనుకున్నప్పుడు ఏం చేయాలో మాత్రం కొత్త కోడలికి చెప్పేవాళ్లు లేరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 38. రోజువారీ మాత్ర వాడేవారు దేశంలో నూటికి ఐదుగురుంటే, మన రాష్ట్రంలో ఒక్కరు కూడా లెక్క తేలరు. వేసెక్టమీ చేయించుకున్న మగవారి లెక్కా అంతే, ఒక శాతానికి లోపు. అదే సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. ఈ మూడు అంకెలూ ఒకే అమ్మాయి ఒంట్లో కలిస్తే ఏమవుతుందో ప్రసూతి వార్డులో పనిచేసే ఏ సిస్టరమ్మనడిగినా చెబుతుంది. కాన్పుకూ మరో గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ ఎడం ఆపరేషన్‌తో రాదు.

ఇలా ఎందుకయిందో గుర్తు చేసుకోవాలి. 1952లోనే మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా తీసుకుంది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975–77 మధ్య, మగవాళ్లకు బలవంతపు ఆపరేషన్లు చేసి ప్రభుత్వాలు చేతులు కాల్చుకున్నాయి. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ల మీదికి జరిగింది. డీపీఎల్ (ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ల) క్యాంపులు, టార్గెట్లు, 1997లో ఉమ్మడి రాష్ట్ర జనాభా విధానం, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హత. లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. సగటున ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లలు 1.7కు దిగారు. ఆ గెలుపు కోసం ఇరవై రెండేళ్ల అమ్మాయిలు కోత పడి కుట్లేయించుకున్నారు. అంతకుముందు రెండు మూడేళ్లు వాళ్లు మాత్రలు వేసుకుని ఆగి ఉండొచ్చని చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

మాత్ర ఏం చేస్తుంది

స్త్రీ శరీరంలో ప్రతి నెలా అండాశయంలో ఒక అండం పక్వానికొస్తుంది. ఆ పనికి ఆజ్ఞ మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. ముందు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను అండం చుట్టూ ఉన్న తిత్తిని పెంచుతుంది. ఎదిగే తిత్తి ఈస్ట్రోజన్‌ను వదులుతుంది. ఈస్ట్రోజన్ ఒక స్థాయి దాటగానే పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ అనే రెండో హార్మోను ఒక్కసారిగా ఎగసి వస్తుంది. అప్పటినుంచి దాదాపు ఒకటిన్నర రోజులో తిత్తి పగిలి అండం బయటికొస్తుంది. బయటికొచ్చిన అండం బతికేది ఒక రోజే. మగవారి వీర్యకణాలు మాత్రం గర్భాశయ మార్గంలో ఐదు రోజుల దాకా కాచుకుని ఉండగలవు.

ఆశా కార్యకర్తలు ఇచ్చే రోజువారీ గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్. దాని అట్టలో 28 మాత్రలుంటాయి. వాటిలో మందు ఉన్నవి 21. ఒక్కోదానిలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఎథినైల్ ఈస్ట్రాడియోల్. మొదటిది ప్రొజెస్టెరాన్‌కు, రెండోది ఈస్ట్రోజన్‌కు ప్రయోగశాలలో తయారైన ప్రతిరూపాలు. ముదురు రంగులో ఉండే మిగతా ఏడూ ఇనుము మాత్రలు. రోజూ ఒకే మోతాదులో ఈ రెండు హార్మోన్లూ రక్తంలో తిరుగుతుంటే మెదడు ఏమనుకుంటుంది? సాగర్ ఎడమ కాల్వ కింద సేద్యం చేసినవారికి ఇది ఇట్టే తెలుస్తుంది. కింద చేలన్నీ తడిశాయని కబురందితే లస్కరు తూము దించేస్తాడు. మాత్ర పంపేది అలాంటి కబురే. హార్మోన్లు చాలినంత ఉన్నాయనుకుని పిట్యూటరీ తన ఆజ్ఞలు ఆపేస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గి తిత్తి ఎదగదు. ఎల్‌హెచ్ ఎగసిపడదు. అండం విడుదల కాదు.

అది ప్రధానమైన పని. దానికి తోడు మరో రెండున్నాయి. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. గర్భాశయం లోపలి పొర పలచబడుతుంది. ఒకటి తప్పినా మరొకటి కాస్తుంది కాబట్టే మాత్ర ఇంత గట్టిగా పనిచేస్తుంది.

ఇనుము మాత్రలు వేసుకునే ఏడు రోజుల్లో నెలసరి లాంటి రక్తస్రావం అవుతుంది. హార్మోన్లు ఆగడం వల్ల పలచటి పొర రాలిపోవడమే అది. అందుకే మామూలు కంటే తక్కువగా, తక్కువ నొప్పితో అవుతుంది. "బ్లీడింగ్ తగ్గింది, చెడు రక్తం లోపలే నిలిచిపోయిందేమో" అని భయపడి మాత్ర మానేసేవారున్నారు. లోపల నిలిచేదేమీ లేదు, పొర తయారైందే తక్కువ. రక్తహీనత ఇంతగా ఉన్న చోట నెలనెలా పోయే రక్తం తగ్గడం మేలే. రోజూ మింగిన బిళ్లలు కడుపులో పేరుకుపోయి గడ్డ కడతాయన్నది మరో భయం. వేసుకున్న మందు కొద్ది రోజుల్లో శరీరం నుంచి వెళ్లిపోతుంది. రోజూ వేసుకోమనడమే అందుకు.

మూడు, డెబ్బై

ఎంత నమ్మొచ్చు? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే. వెయ్యిమంది స్త్రీలు ఏడాది పాటు ఒక్క రోజు తప్పకుండా, ఇంచుమించు ఒకే వేళకు మాత్ర వేసుకుంటే, ఆ ఏడాదిలో గర్భం వచ్చేది ముగ్గురికి. నిజ జీవితంలో వేసుకునేవాళ్లలాగా, అంటే ఒకరోజు మరిచి, ఇంకోరోజు అట్ట అయిపోయి, ఊరెళ్తూ ఇంట్లో వదిలేసి వేసుకుంటే, డెబ్బై మందికి. ఏ జాగ్రత్తా తీసుకోని వెయ్యి మందిలో ఏడాదికి దాదాపు 850 మంది గర్భం దాలుస్తారు. ఇవి ఎక్కువగా అమెరికా స్త్రీల మీద తీసిన లెక్కలు. మాత్ర అక్కడైనా ఇక్కడైనా ఒకేలా పనిచేస్తుంది. ఇళ్లు, మనుషులు వేరు.

పక్కన పెట్టి చూడాల్సిన అంకె ఇంకొకటుంది. ఆడవాళ్ల ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాదిలో వెయ్యికి ఐదుగురికి గర్భం వస్తుంది. కాపర్ టీ పెట్టుకున్నవారిలో ఎనిమిది మందికి. కండోమ్ ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇరవై మందికి, మామూలుగా వాడే తీరులో 130 మందికి. క్రమం తప్పకుండా వేసుకున్న మాత్ర ఆపరేషన్‌కు ఏమాత్రం తీసిపోదని దీని అర్థం. మాత్ర మీద నమ్మకం లేదనేవాళ్లు మన దగ్గర చాలామంది. నిజానికి అడగాల్సింది మందు గురించి కాదు. మూడుకీ డెబ్బైకీ మధ్య ఉన్న ఆ 67 మంది ఇళ్లలో ఏం జరిగిందన్నదే అడగాలి.

ఆ ఇళ్లను ఊహించుకోవడం కష్టమేమీ కాదు. మిరప కోతలకు పొద్దున్నే ఆటో ఎక్కి చీకటిపడ్డాక దిగే మనిషికి మాత్ర వేళ గుర్తుండాలి. ఉమ్మడి కాపురంలో అట్టను బియ్యం డబ్బాలోనో, చీరల మడతల్లోనో దాచాలి. ఆషాఢానికి పుట్టింటికి వెళ్తే "ఆయన లేడుగా" అని ఆపేస్తారు, తిరిగొచ్చాక అట్ట మధ్యలోంచి ఎత్తుకుంటారు. మాత్ర భర్తతో కలిసిన రాత్రి మాత్రమే వేసుకునేదని అనుకునేవారూ ఉన్నారు. అలా వేసుకుంటే అది దాదాపు వేసుకోనట్టే. పిట్యూటరీ పూర్తిగా నిమ్మళించడానికి వరసగా ఏడు రోజుల మాత్రలు కావాలి.

ఆ ఏడు రోజుల లెక్కే మాత్ర గురించి తెలుసుకోవాల్సిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యం. ఏడు రోజులు వరసగా వేసుకుంటే అండాశయం నిద్రపోతుంది. ఏడు రోజులకు మించి మందు లేకపోతే మేలుకోవచ్చు. కాబట్టి అన్నిటికన్నా ప్రమాదకరమైన మరుపు అట్ట మధ్యలో జరిగేది కాదు. ఒక అట్ట అయ్యాక కొత్త అట్ట రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టడమే అసలు ప్రమాదం. ఇనుము మాత్రల వారంతో కలిపి మందు లేని రోజులు తొమ్మిదో, పదో అయిపోతాయి. రెండో అట్ట ఇంట్లో ముందే ఉంచుకోవాలని ఆశా కార్యకర్తలు పదేపదే చెప్పేది ఇందుకే.

మొదటిసారి వేసుకునేవారు నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు ప్రారంభిస్తే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, కాకపోతే గర్భం లేదని తేల్చుకుని, మొదటి ఏడు రోజులూ కండోమ్ వాడాలి. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజు మాత్ర ఎప్పటి వేళకే వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు, ఇంకేమీ చేయనక్కర్లేదు. వరసగా రెండు గానీ అంతకు మించి గానీ మరిచిపోతే, చివరగా మరిచినది ఒక్కటి వెంటనే వేసుకుని, పాతవి వదిలేసి, రోజూ వేసుకుంటూ పోవాలి. వచ్చే ఏడు రోజులూ కండోమ్ తప్పనిసరి. ఈ మరుపు మూడో వారంలో జరిగితే మందున్న మాత్రలు పూర్తి చేసి, ఇనుము మాత్రలు వదిలేసి, నేరుగా కొత్త అట్ట మొదలుపెట్టాలి. మొదటి వారంలో జరిగి, అంతకుముందు ఐదు రోజుల్లో కలయిక ఉంటే అత్యవసర మాత్ర అవసరమేమో సిస్టరమ్మను అడగాలి. ఇనుము మాత్ర మరిచిపోతే బెంగలేదు. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతయితే ఇంకొకటి వేసుకోవాలి.

ఒక మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి గర్భనిరోధక హార్మోన్లను వేగంగా కరిగించేస్తుంది. టీబీ మందులు వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత నాలుగు వారాల వరకూ రోజువారీ మాత్రను నమ్ముకోకూడదు. కాపర్ టీ మేలు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కూడా అంతే. దగ్గుకో జ్వరానికో డాక్టరు రాసే అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ ఇబ్బంది లేదు.

ఎవరికి వద్దు

ఈ మాత్ర అందరికీ పనికిరాదు. మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోవాలి. లోపలి పరీక్ష అక్కర్లేదు. బీపీ ఎక్కువున్నవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కళ్ల ముందు మెరుపులు, గీతలు కనిపించి ఆ వెంట తలనొప్పి వచ్చేవారు, రొమ్ము క్యాన్సర్, కాలేయ జబ్బు ఉన్నవారు, ముప్పై ఐదు దాటి చుట్టో బీడీయో కాల్చే అలవాటున్నవారు దీని జోలికి పోకూడదు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఆరు నెలలదాకా ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర వాడకూడదు.

రక్తం గడ్డకట్టడం గురించి భయపెట్టే మాటలు చాలానే వినిపిస్తాయి. పదివేల మంది స్త్రీలను ఏడాది పాటు గమనిస్తే, మాత్ర వాడనివారిలో ఒకరి నుంచి ఐదుగురికి, వాడేవారిలో ముగ్గురి నుంచి తొమ్మిది మందికి రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. గర్భిణుల్లో ఐదు నుంచి ఇరవై మందికి ఉంటుంది. కాన్పైన తొలి పన్నెండు వారాల్లో అదే లెక్కన నలభై నుంచి అరవై ఐదు మందికి. మాత్రతో ముప్పు పెరిగే మాట నిజం, గర్భంతో అంతకన్నా ఎక్కువ పెరిగే మాట కూడా నిజమే. ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, చూపు మసకబారినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రెండు మూడు నెలల్లో వికారం, రొమ్ముల్లో సలుపు, మధ్యలో మరకలు కనిపించడం మామూలే. చాలామందిలో అవి వాటంతటవే సర్దుకుంటాయి. అండాశయ క్యాన్సర్, గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ల ముప్పు మాత్ర వాడినవారిలో తగ్గుతుంది. వాడుతున్నంత కాలం రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది.

తెలియజెప్పి ఇవ్వడం

మొదటి మాత్ర ఎనోవిడ్‌కు గర్భనిరోధానికి అమెరికా అనుమతిచ్చింది 1960లో. దానికి నాలుగేళ్ల ముందు గ్రెగరీ పింకస్, జాన్ రాక్ ఆ మందును ప్యూర్టోరికో దీవిలోని పేద స్త్రీల మీద పరీక్షించారు. అప్పటి మోతాదు నేటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తాము ప్రయోగంలో ఉన్నామన్నదే వాళ్లలో చాలామందికి తెలియదు. కళ్లు తిరుగుతున్నాయనీ, వాంతులవుతున్నాయనీ వాళ్లు చెబితే పెద్దగా పట్టించుకోలేదు. 1970లో అమెరికా సెనేట్ విచారణల్లో స్త్రీలు లేచి నిలదీసిన తర్వాతే మాత్ర పెట్టెలో దుష్ఫలితాలు చెప్పే కాగితం పెట్టడం మొదలైంది.

అలాంటిదే మన గడ్డ మీదా జరిగింది. 1985లో హైదరాబాదుకు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించడానికి పల్లె స్త్రీలను పోగు చేశారు. అది ఇంకా పరీక్షల్లో ఉన్న మందని వాళ్లకు చెప్పలేదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి చెప్పారు. విన్నాక ఆ ఆడవాళ్లలో చాలామంది ఇంజెక్షన్ వద్దన్నారు. మరుసటి ఏడాది ఆ సంఘం ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత అదే బృందం తెలుగు స్త్రీల కోసం 'సవాలక్ష సందేహాలు' అనే ఆరోగ్య పుస్తకం తెచ్చింది. మందు వద్దనడానికి ఎంత సమాచారం కావాలో, కావాలనడానికీ అంతే కావాలి.

పెనుగంచిప్రోలు పేరు చెబితే మనకు తిరుపతమ్మ తిరునాళ్లే గుర్తొస్తాయి. ఇంకో తల్లీ ఆ ఊరి మనిషే. 1874లో అక్కడ పుట్టిన భండారు అచ్చమాంబ తెలుగులో స్త్రీల చరిత్రలు రాసిన తొలి రచయిత్రుల్లో ఒకరు. కన్న ఇద్దరు బిడ్డలనూ పసితనంలోనే పోగొట్టుకుని, ముప్పై ఏళ్లకే, 1905లో కన్నుమూశారు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తెకూ ఆ పేరే. ఆ కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతి వైద్యురాలై, విజయవాడలో ఆసుపత్రి నడిపి, 'ప్రసూతి – శిశుపోషణ' అని సామాన్య స్త్రీలు చదువుకునే పుస్తకం రాసి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. కాన్పు గురించి తెలుగులో, ఆడవాళ్లకు నేరుగా, సిగ్గుపడకుండా చెప్పవచ్చని ఆ వైద్యురాలు అప్పుడే చూపించారు. ఈ ప్రాంతానికి అది సొంత వారసత్వం.

శాస్త్రంలోనూ మనవాళ్ల పనుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో మెహతాబ్ బాంజీ 1970, 80 దశకాల్లో మాత్ర వాడే పేద స్త్రీలలో బి విటమిన్లు ఎలా ఉంటున్నాయో పరిశీలించారు. అమెరికాలో పుష్టిగా తిని మాత్ర వేసుకునే స్త్రీకీ, ఇక్కడ పచ్చడి మెతుకులు తిని కూలికెళ్లే స్త్రీకీ ఒకే లెక్క సరిపోదన్న ఎరుక ఆ పరిశోధనలకు మూలం.

మెడికల్ షాపు దగ్గర

నాలుగు రకాల బిళ్లలు మన దగ్గర ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి. గుడికో, వ్రతానికో, పెళ్లికో నెలసరి అడ్డొస్తుందని వేసుకునేది నోరెథిస్టెరాన్. అది నెలసరిని వాయిదా వేస్తుంది. ఆ నాలుగు రోజులు వేసుకున్నాం కదా, గర్భం రాదులే అనుకుంటే పొరపాటు. రెండోది అత్యవసర మాత్ర, 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్. 2007లో ఐ-పిల్ పేరుతో టీవీల్లో మోతెక్కిపోయింది ఇదే. కలయిక జరిగిన 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. అండం విడుదలను వెనక్కి నెట్టడమే ఇది చేసే పని. ఎల్‌హెచ్ అప్పటికే ఎగసి ఉంటే ఇదేమీ చేయలేదు. నిలిచిన గర్భాన్ని తీయనూలేదు. నెలకు రెండు మూడుసార్లు దీన్నే వాడుతూ గడిపేవారికి రోజువారీ మాత్ర చవక, నమ్మకం, ఒంటికి సుఖం. మూడోది గర్భస్రావం మందులు. అవి డాక్టరు చేతి మీదుగానే వేసుకోవాలి. చీటీ లేకుండా తెచ్చుకుని ఇంట్లో వేసుకుంటే రక్తం ఆగక ప్రాణం మీదికి రావచ్చు. 2021లో సవరించిన చట్టం ప్రకారం, జాగ్రత్త విఫలమై గర్భం వస్తే, పెళ్లి కాని స్త్రీకి కూడా గర్భస్రావం సేవ పొందే వీలుంది.

నాలుగోదే మన రోజువారీ మాత్ర. పీసీఓడీ ఉందని మైలవరం ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లకు డాక్టరు రాసిచ్చేది కూడా తరచూ ఈ జాతి మాత్రే. అది చూసి తల్లి గుండె గుభేలుమనక్కర్లేదు, కూతుర్ని అనుమానించక్కర్లేదు. షాపులో డబ్బు పెట్టి కొనే ఓవ్రాల్-ఎల్‌లో ఉన్న మందు, మోతాదు, ఆశా కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్నవే. సర్కారు మాత్ర కదా, తక్కువ రకమేమో అన్న సందేహం అక్కర్లేదు.

రోజూ గుర్తుపెట్టుకోలేనివారికి ఛాయ ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్య ఆనంద్ బృందం తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అది. 1990ల తొలినాళ్లలో సహేలి పేరుతో వచ్చింది. హార్మోను కాదు, పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి, మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. మొదటిది ఆదివారం పడితే రెండోది బుధవారం. సరిగ్గా వాడినా ఏడాదికి నూటికి ఒకరిద్దరిలో తప్పవచ్చు. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది, నెల తప్పిందేమోనని కంగారుపడతారు. పదిహేను రోజులు దాటితే పరీక్ష చేయించుకుంటే సరి.

పాలిస్తున్నంత కాలం గర్భం రాదన్న నమ్మకం దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు, నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. ఈ మూడూ ఉంటే నూటికి 98 పాళ్లు ఆ నమ్మకం నిజమే. పోతపాలు మొదలెట్టినా, ఏడో నెల వచ్చినా లెక్క మారిపోతుంది. పైగా కాన్పు తర్వాత మొదటి అండం మొదటి నెలసరి కంటే ముందే విడుదల కావచ్చు. నెలసరి రాకుండానే రెండో గర్భం నిలిచేది అందుకే.

2024 నవంబరులో శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. ఇప్పుడు నాయకులు ఎక్కువమందిని కనమంటున్నారు. నిన్న ఆపమన్నది ప్రభుత్వమే, ఇవాళ కనమంటున్నదీ ప్రభుత్వమే. ఈ రెండు మాటల మధ్య విలేజ్ క్లినిక్‌లో మాలా-ఎన్ అట్టలు తగ్గకుండా చూడాలి. ఎడం కోరుకునే అమ్మాయికి ఏ జనాభా విధానంతోనూ పనిలేదు.

అన్నిటికన్నా గట్టి భయం ఒకటి మిగిలింది. మొదటి బిడ్డ పుట్టకముందే మాత్ర వాడితే ఇక పిల్లలు పుట్టరేమోనన్నది. ఏళ్ల తరబడి, వేలమంది మీద జరిగిన పరిశీలనల్లో ఇది నిజం కాదని తేలింది. మాత్ర ఆపిన కొద్ది వారాల్లో అండం మళ్లీ విడుదలవుతుంది. ఏడాది తిరిగేసరికి గర్భం దాల్చేవారి శాతం, మాత్ర ఎన్నడూ ముట్టనివారిలో ఎంతో వీరిలోనూ దాదాపు అంతే. మూడు నెలలకోసారి వేసే 'అంతర' గర్భనిరోధక ఇంజెక్షన్‌కు మాత్రం ఆలస్యం ఉంది. చివరి సూది తర్వాత గర్భం నిలవడానికి సగటున ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. ఇరవై రెండేళ్లకు ఆపరేషన్ చేయించుకుని, బిడ్డను పోగొట్టుకుని, నాళాలు మళ్లీ కలిపించుకోవడానికి ఆసుపత్రుల చుట్టూ తిరిగే తల్లికి ఆ శస్త్రచికిత్స ఫలిస్తుందన్న హామీ లేదు. కాబట్టి ఇంటికొచ్చే ఆశా కార్యకర్త కొత్త కోడలిని పక్కకు పిలిచి అట్ట చేతిలో పెట్టి వెళ్లిపోతే చాలదు. అత్తగారినీ కూర్చోబెట్టి, "ఆపిన నెలే కడుపు రావచ్చు పిన్నీ, బెంగపడకు" అని చెప్పాలి. అరుగు మీద కూర్చున్న కొడుక్కి వినబడేట్టు చెప్పాలి.